పిట్ట ముట్టని విస్తరి

గత వారం మనం డాక్టర్ ప్రేమలతను అటవీశాఖ గేటు దగ్గర విడిచి వచ్చాం. అక్కడినుంచి ముందుకు జీపును పోనివ్వరు. డ్రైవర్ అశోక్‌ను నీడలో ఉండమని చెప్పి, మందుల సంచి భుజాన వేసుకుని, ఆమె ఈదులచెలమ పెంటకు ఒంటరిగా నడక సాగించింది. మన్ననూరు దాటిన తరువాత నల్లమల లోపలికి చీలే బాటలో, కొండవాలు మీద ఉన్న చిన్న చెంచుగూడెం అది.

ఆ గూడెంలో పోచయ్య భార్య ఈరమ్మ మొన్న చనిపోయింది. నాగర్‌కర్నూలుకు తీసుకుపోతుండగా దారిలో, ప్రేమలత చేతుల మీదే ఆమె గుండె ఆగింది. అంతకుముందు రోజు మామూలు పరీక్షకని తీసిన రక్తం ఫలితం, ఆమెను మట్టిచేసిన తరువాత అందింది. అందులో పొటాషియం గుండె తట్టుకోగల హద్దును ఎంతగానో దాటి ఉంది.

ఈ కథను మొదటినుంచీ చదువుతున్నవారికి ‘పథ్యం’ సంగతి తెలుసు. కొత్తగా చేరినవారికి ఒక్క మాట. పథ్యం ఒక సాఫ్ట్‌వేర్. రోగి తినే తిండికీ, అతనికి రాసే రక్తపోటు మాత్రలకూ పొసగుతుందో లేదో వైద్యులకు చెప్పడం దాని పని. ప్రమాదం ఉన్నచోట ఎర్ర గుర్తు, లేనిచోట పచ్చ గుర్తు చూపిస్తుంది. వైద్యకళాశాలలో ప్రేమలతకు సహాధ్యాయి అయిన గద్వాల శివకుమార్, రోగులను చూడడం మానుకుని, కొన్నేళ్లు కూర్చుని దాన్ని తయారుచేశాడు. అందుకోసం మానవపాడు మిరపచేలల్లో కూలీల సద్దిమూటలు విప్పించి చూశాడు. పెద్దమందడిలో ప్రేమలత తల్లి హెప్సిబా వంటగదిలో పీట వేసుకుని కూర్చుని, ఏ పచ్చడిలో ఎంత ఉప్పు పడుతుందో, ఏ పులుసులో ఎంత చింతపండు పడుతుందో తూకం వేసి రాసుకున్నాడు. అడవి వంతు వచ్చేసరికి మాత్రం అతనికి ఒక్క రోజే దొరికింది. ఓ వసారాలో కొందరిని కూర్చోబెట్టి ఏం తింటారని అడిగితే, రేషన్ బియ్యం, పప్పు, ఎప్పుడైనా కోడి అని వాళ్లు చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఈరమ్మ పేరు ఎదుట చివరిదాకా పచ్చ గుర్తే ఉంది. పోచయ్య పేరు ఎదుట ఇవాళ కూడా ఉంది. అతను మింగేవీ ఆమె మింగిన ఆ రెండు మాత్రలే. ఒకటి రక్తనాళాలను సడలిస్తుంది, రెండోది ఒంట్లోని అదనపు నీటిని దించుతుంది. కానీ రెండూ పొటాషియాన్ని బయటికి పోనివ్వవు. వాటిని మార్చుదామంటే మిగతావన్నీ ప్రేమలత ఇదివరకే వాడి చూసింది. ఒకటి కాళ్లు వాచేలా చేసింది, ఒకటి అసలు పనిచేయలేదు. ఆపేద్దామంటే, కిందటి వేసవిలో మంటల కావలికి అడవిలోకి పోయి కొన్నాళ్లు మాత్రలు మానినప్పుడు పోచయ్య మూతి ఒక పక్కకు వంకరపోవడం ఆమె మరువలేదు.

గూడానికి ఇవతల సిగ్నల్ అందే బండ మీద నిలబడి ఆమె శివకుమార్‌కు ఫోన్ చేసింది. అతను ఓపికగానే విన్నాడు. అడవిబాట కుదుపులకు రక్తకణాలు చిట్లితే పొటాషియం లేనిది ఉన్నట్టు కనిపిస్తుందనీ, ఈరమ్మ తిండిలో దాన్ని అంతగా పెంచేది ఏదీ నమోదు కాలేదనీ, ఒక్క నమూనాను పట్టుకుని తొందరపడవద్దనీ చెప్పాడు. ఇప్పటిదాకా కొన్ని గూడేల్లోనే ప్రయోగంగా నడుస్తున్న పథ్యం సోమవారం నుంచి మూడు జిల్లాల్లో మొదలవుతుందన్న మాట కూడా, కాస్త సంకోచంగానే, చివర చేర్చాడు. అతను చెప్పినదాంట్లో శాస్త్రానికి విరుద్ధమైనది ఒక్కటీ లేదు. అందువల్లనే ఆమెకు మరింత భయం వేసింది.

కనుక పోచయ్య ప్రాణం ఇప్పుడు ఒకే ఒక ప్రశ్న మీద నిలిచి ఉంది. ఈరమ్మ ఏం తిన్నది?

ఆమె చేరేసరికి జనం వాగు ఒడ్డున, ఈరమ్మను పూడ్చిన చోటికి కాస్త ఎడంగా కూర్చుని ఉన్నారు. మూడోనాటి తంతు. కొత్త మట్టి మీద మోదుగాకుల విస్తరి పరిచి, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ అందులో పెట్టారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముడితేనే ఆమె తృప్తిపడి వెళ్లిపోయినట్టు. అంతదాకా ఇంటివాళ్లెవరూ మెతుకు ముట్టరు.

ప్రేమలత పుట్టింది పెద్దమందడిలో, క్రైస్తవ కూలీల ఇంట. వాళ్ల ఇళ్లలో చావుకు ప్రార్థన ఉంటుంది గాని పిట్ట ఉండదు. అయినా ఆమె చెప్పులు దూరంగా విడిచి, ఆడవాళ్ల వరుస చివర కూర్చుంది. తన చేతుల మీద పోయిన మనిషి సమాధి దగ్గర ఎలా కూర్చోవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. అక్కడున్నవాళ్లు మాత్రం ఆమెను దోషిగా చూడలేదు. జరిగి చోటిచ్చారు, నీళ్లు ఇచ్చారు. దోషిగా చూస్తే బాగుండునని ఆమెకు అనిపించింది.

పోచయ్య, అటవీశాఖవారు మంటల కావలివాళ్లకు ఇచ్చిన ఆకుపచ్చ చొక్కాలోనే ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయి, లేవకుండానే చేతులెత్తి దండం పెట్టాడు. దుఃఖం మనిషిని అలా నేలకు అతుక్కుపోయేలా చేస్తుందని ఆమె అనుకుంది. దగ్గరికి పోయి, కొంచెం రక్తం తీసుకుంటాననీ, ఎక్కువసేపు పట్టదనీ మెల్లగా చెప్పింది.

“తీసుకుందువు తియ్యి డాక్టరమ్మా,” అన్నాడు పోచయ్య. “మా ముసల్దాన్ని ముందుగాల తిననియ్యి. ఆమె తిన్నంక నా రక్తం ఏం జేస్కుంటవో జేస్కో.”

విస్తరిలో వరి అన్నం ఉంది, నాటుకోడి కూర ఉంది, ఉడికించిన అడవిగడ్డలు ఉన్నాయి. చిన్న దొప్పలో తేనె, మరొక దొప్పలో ఇప్పసారా, పక్కన విప్పిన బీడీకట్ట. అన్నంలో, కూరలో ఇవాళ ఉప్పు వేశారు. బతికుండగా డాక్టరు మాన్పించిన ఉప్పును చచ్చాకైనా తినిపించాలని ఈరమ్మ తమ్ముడు హన్మంతు దగ్గరుండి వేయించాడట. ఆ సంగతి పక్కనున్న ముసలామె ప్రేమలతకు మామూలు విషయం చెప్పినట్టే చెప్పింది.

ఎండిన మద్దిచెట్టు కొమ్మ మీద అడవికాకి ఒకటి వాలింది. తల వంచి విస్తరిని చూసింది. ముక్కు కొమ్మకు రుద్దుకుంది. అందరూ ఊపిరి బిగబట్టారు. అది ఎగిరి వాగు అవతలికి పోయి, అక్కడి రాతి మీద కూర్చుని, మళ్లీ ఇటే చూడసాగింది.

“బతికున్నప్పుడు గిట్లనే,” అన్నాడు హన్మంతు. “బతిమిలాడనిదే బువ్వకు లేవకపోయేది మా అక్క. బావా, నువ్వన్న ఒక మాట పిలువరాదు.”

“నేను పిలిస్తే ఎన్నడొచ్చింది,” అన్నాడు పోచయ్య.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వినవాళ్లే కళ్లు తుడుచుకున్నారు. ఎండ ముదిరింది. కాకి వచ్చి కొమ్మ మీద వాలడం, ఎగిరిపోవడం, అంతే జరుగుతోంది. పిల్లలు ఆకలికి సణుగుతున్నారు. ఒకామె లేచి బీడీ వెలిగించి విస్తరి పక్కన పెట్టింది. హన్మంతు సారా మరికొంత పోశాడు. పిట్ట రాలేదు.

చివరికి హన్మంతు విస్తరి ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పదార్థాన్నే పేరుపెట్టి చెప్పుకుంటూ, వేలితో చూపిస్తూ పోయాడు. కోడి ఉంది. గడ్డలున్నాయి. తేనె ఉంది. తరువాత తల తిప్పి వనజ వైపు చూశాడు.

వనజ ఈరమ్మ కూతురు. మన్ననూరు హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. ఇప్పుడు గూడెం ఆరోగ్య కార్యకర్త. పథ్యం ఉన్న ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుంది. ఇంటింటికీ తిరిగి ఎవరు ఏం తిన్నారో అడిగి అందులో నింపేది ఆమే.

“ఒకటి తక్కువైంది బిడ్డా,” అన్నాడు హన్మంతు. “నీకు తెల్సు.”

వనజ తల ఎత్తలేదు. కాసేపటికి ఆమె ఒకసారి ప్రేమలత వైపు చూసి, వెంటనే చూపు మరల్చుకుని, లేచి గుడిసెలోకి పోయింది. తిరిగి వచ్చినప్పుడు కొంగు కింద ఒక ఆకుపొట్లం ఉంది. విస్తరి దగ్గర కూర్చోవడం కూడా ప్రేమలతకు వీపు పెట్టి కూర్చుంది. పొట్లంలోనుంచి నల్లటి ముద్ద ఒకటి తీసి అన్నం పక్కన పెట్టి, మిగిలినది తండ్రి ముందు ఉంచింది.

ఆమె ఇంకా పూర్తిగా వెనక్కి జరగకముందే కాకి దిగింది. అన్నాన్ని ముట్టలేదు, కోడిని ముట్టలేదు. ఆ నల్లముద్దలో ముక్కు పెట్టి, ఒక తునక పెకలించుకుని ఎగిరిపోయింది.

ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు. అది తెరిపిన పడ్డ ఏడుపు. ఆ ఏడుపు మధ్య ప్రేమలత లేచి, పోచయ్య ముందున్న పొట్లం దగ్గరికి వచ్చి వంగింది. ఇప్పపువ్వు ముద్ద అనుకుంది మొదట. కాదు, చింతపండు. దాని మీద బూడిదరంగు పొడి అంటుకుని ఉంది. చూపుడు వేలితో అద్దుకుని చూసింది. ఉప్పులా గరుకుగా లేదు. తడి తగలగానే వేళ్ల మధ్య సబ్బులా జారింది.

ఆ జారుడును ఆమె చేయి ఆమెకంటే ముందు గుర్తుపట్టింది. చిన్నప్పుడు పెద్దమందడిలో తల్లి గిన్నెలు తోమేటప్పుడు తడి బూడిద వేళ్లకు ఇలాగే జారేది.

“ఏంది వనజా ఇది?”

ఆమెకు బదులు హన్మంతు జవాబు చెప్పాడు.

“మా తిండి డాక్టరమ్మా. చింతపండుల చింతబెరడు బూడిద. పులుపు ఇరుగుతది, కమ్మగైతది. మా తాతలప్పటి సంది తింటున్నం. మా అక్కకు గిదంటే పానం.”

రోజూ తినేదా అని ప్రేమలత అడిగింది. వెనకట అయితే చింతపండు రాలే రోజుల్లో, ఎప్పుడైనా ఒకసారి అని చెప్పాడతను. ఈ ఏడాది మాత్రం మూడుపూటలా అదేనట. ఎందుకు అని ఆమె అడిగింది. హన్మంతు మేనకోడలి వైపు చూశాడు.

“మీరే గదా మేడం ఉప్పు మానమన్నది,” అంది వనజ.

ఆ మాటలో నిందలేదు. పాఠం అప్పజెప్పే పిల్ల గొంతు అది. తరువాత ఆమె చెప్పినదంతా, అదే గొంతుతో, నేల చూస్తూ చెప్పింది. ఉప్పు మానెయ్యాలని దవాఖానలో చెప్పిన రోజే ఇంట్లో ఉన్న ఉప్పుడబ్బాను పక్కింటికి ఇచ్చేసింది. ఫోన్‌లో ఉప్పు గడి ఎదుట ‘మానేశారు’ అని నొక్కితే పచ్చ గుర్తు వెలిగింది. గూడెంలో తన ఇంటికే మొదటి పచ్చ గుర్తు వచ్చిందని ఆమె గర్వపడింది. కానీ తల్లికి చప్పటి అన్నం గొంతు దిగలేదు. సగం తిని లేచేది. బక్కచిక్కిపోతుంటే చూడలేక, వనజ వాగు అవతలి చింతచెట్టు బెరడు గీకి తెచ్చి, పొయ్యిలోనే కాల్చి, గుడ్డలో జల్లించి, చింతపండులో కలిపి పెట్టింది. ఆ పూట తల్లి కడుపునిండా తిన్నది. ఆ రోజునుంచి అది మానలేదు.

“బూడిదల ఉప్పు లేదు గదా మేడం,” అంది వనజ చివరికి. “ఉప్పు లేదు గదా అనుకున్న.”

ఉప్పు లేదు. ఆ మాట నిజం. చెట్టు బతికినన్నాళ్లూ మట్టిలోనుంచి లాగి ఒంట్లో దాచుకునే పొటాషియం, బెరడు కాలినా తాను కాలదు, బూడిదలో మిగిలిపోతుంది. చింతపండులో ఉన్నది దానికి తోడు. ఆ రెంటినీ పూట పూటా ఈరమ్మ ఒంట్లోకి పంపిస్తుంటే, పచ్చ గుర్తు పడ్డ రెండు మాత్రలు దాన్ని బయటికి పోనివ్వకుండా లోపలే నిలిపాయి. ఉప్పు వద్దన్నది ప్రేమలత. ఉప్పు తీసేసిన చోట ఏం వచ్చి చేరిందో అడగనిది కూడా ప్రేమలతే. శివకుమార్ ఊహించిన చిట్లిన రక్తకణాలకు ఇక ఈ కథలో పనిలేదు.

“ఇది ఫోన్ల ఎందుకు రాయలేదు?”

“ఏడ రాయాలె మేడం?”

వనజ రవికెలోనుంచి ఫోన్ తీసి, సిగ్నల్ లేకున్నా పనిచేసే తిండి గడి తెరిచి, ప్రేమలత ముందు పెట్టింది. ప్రేమలత తన చేత్తోనే బూడిద అని కొట్టింది. కాసేపు గుండ్రంగా తిరిగి, మీరు వెతుకుతున్నది ఇదేనా అంటూ ఒక బొమ్మ వచ్చింది. బూడిదగుమ్మడి. పక్కనే పచ్చ గుర్తు.

ఆమె ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయింది. పెద్దమందడిలో తల్లి వండే గుమ్మడి వడియాల పులుసు అది. శివకుమార్‌కు దాన్ని రుచి చూపించి, రాసుకొమ్మని పట్టుబట్టింది తనే.

“గడి ఉన్నా రాయకపోదును,” అంది వనజ. ఈసారి తల ఎత్తింది. “హాస్టల్ల నన్ను పేరు వెట్టి పిలిచినోళ్లు లేరు మేడం. బూడిదమూతి అంటుండిరి. వార్డెనమ్మ గూడ. అమ్మ ఒక్కటే చెప్పింది నాకు, దవాఖానోళ్ల ముందర గీ తిండి పేరు ఎత్తకు, మనల్ని మనుషులనుకోరు అని. బెరడు గీకినట్టు ఫారెస్టోళ్లకు తెలిస్తే నాయిన కొలువు పోతదని గూడ అన్నది.” ఆమె ఆగింది. అడగదలచిన మాట ఇంకా అడగలేదని ఇద్దరికీ తెలుసు. “నేను చేసిచ్చిన దానితోనేనా మేడం అమ్మ పోయింది?”

కాదని చెప్పడం ఎంతో తేలిక. వయసు మీరింది, గుండె బలహీనం, దేవుడు పిలిచాడు. రోగుల ఇంటివాళ్లకు చెప్పే మాటలు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. అవి ఇక్కడ చెబితే రేపు వనజ తండ్రికి అదే ముద్ద మళ్లీ చేసిపెడుతుంది. నిజం చెబితే ఈ పిల్ల బతికినంతకాలం తన రెండు చేతులనూ చూసుకుని భయపడుతుంది.

“మాత్ర నాది,” అంది ప్రేమలత. “ఉప్పు మానమన్నది నేను. ఆ రెండు లేకుంటే నీ బూడిద మీ అమ్మనేం జేయకపోవు. మీ తాతలు తినలేదా.”

“బూడిద నాదే గదా,” అంది వనజ.

ఇద్దరి మధ్యా ఆ దోషం పంచుకోవడానికి వీలు లేనిదిగా అలాగే ఉండిపోయింది. ప్రేమలత చేయి చాపింది. వనజ ఆ చేతిని చూసింది గాని అందుకోలేదు.

ఈ మాటలన్నీ సాగుతున్నప్పుడు తంతు తన దారిన తాను సాగుతోంది. పిట్ట ముట్టిన తరువాత మిగిలినదాన్ని మొదట తినవలసింది పెనిమిటి. హన్మంతు పొట్లం విప్పి పోచయ్య దగ్గరికి జరిపాడు. ప్రేమలత వెనక్కి తిరిగేసరికి పోచయ్య ముందున్న పొట్లం ఖాళీగా ఉంది. అతను వేళ్లకు అంటిన బూడిదను నెమ్మదిగా నాకుతున్నాడు.

“తిన్నవా పెద్దయ్యా? మొత్తం తిన్నవా?”

“ఆమె ఇడిసిపెట్టింది నేను తింటున్న. అండ్ల తప్పేమున్నది.”

ఇన్నాళ్లూ కూడా తిన్నావా అని అడిగింది. అడగవలసిన అవసరం లేదని ఆమెకే తెలుసు. పోచయ్య వింతగా చూశాడు. పెళ్లయిన నాటినుంచి వాళ్లిద్దరిదీ ఒకే పళ్లెమట. ఆమె ఉప్పు మానితే తానూ మానాడు. ఆమెకు బూడిద కలిపితే తనకూ అదే వచ్చింది. పథ్యంలో ఇద్దరికీ రెండు పేర్లు, రెండు పేజీలు ఉన్నాయి. ఇంట్లో పళ్లెం మాత్రం ఒక్కటే.

ప్రేమలత అతని ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, తనకు చేతనైనంత తేట మాటల్లో చెప్పింది. ఆ ముద్దకూ ఆ మాత్రలకూ పడదనీ, ఈరమ్మ ప్రాణం తీసింది అదేననీ, ఇప్పుడే బయలుదేరి జీపు దాకా రావాలనీ, నాగర్‌కర్నూలులో దాన్ని దించే వైద్యం ఉందనీ చెప్పింది. వనజ వింటోందని తెలిసీ చెప్పింది. వండిన అన్నం ముందు పెట్టుకుని ఎవరూ చేయి పెట్టలేదు.

పోచయ్యకు కోపం వచ్చినట్టు లేదు. ఆశ్చర్యం కూడా కలిగినట్టు లేదు. మాట్లాడినప్పుడు ఎవరినీ ఉద్దేశించి మాట్లాడలేదు.

“అడవిల ఏట మానమన్నరు, మానినం. గడ్డలు తవ్వొద్దన్నరు, మానినం. తేనెకు కాయితం తెమ్మన్నరు, తెచ్చినం. ఉప్పు మానమంటివి, మానినం. గీ బూడిద ఒక్కటి ఎవలడగలే. గిది మాది అనుకున్నం. ఇప్పుడు గిది గూడ మానమంటున్నరు.”

“ఇది మానితే చాలు పెద్దయ్యా. ఉప్పు తిను. నేనే చెప్తున్న, ఉప్పు తిను.”

తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు ఆమెకు నవ్వు రాబోయింది. పోచయ్యే నవ్వాడు, పళ్లకు అంటిన బూడిద కనిపించేలా.

“మల్ల మొదటికొస్తివి,” అన్నాడు.

ఆమె మళ్లీ నాగర్‌కర్నూలు మాట ఎత్తగానే మాత్రం ఆ నవ్వు పోయింది. కోప్పడలేదు. చేయి మాత్రం అడ్డంగా ఊపాడు. “మీ బండ్ల ఆమె వోయింది. కూసోని వోయింది, పండుకోని ఒచ్చింది. నేనెక్క. ఏదైతే గది గీ వాగు కాడనే కానియ్యి డాక్టరమ్మా.”

హన్మంతు బతిమిలాడాడు. వనజ బతిమిలాడలేదు. ఆమె తండ్రి ముందున్న ఖాళీ ఆకును తీసి, మడిచి, మళ్లీ మడిచి, పిడికిట్లో పట్టుకుని నిలబడింది. ప్రేమలత మనసులో సంచి విప్పి చూసుకుంది. రక్తం తీసే సూదులున్నాయి, సీసాలున్నాయి, రక్తపోటు చూసే పట్టీ ఉంది. కారణం తెలుసుకోవడానికి కావలసినవన్నీ తెచ్చింది. తెలిసిన తరువాత చేయడానికి కావలసినది ఒక్కటీ తేలేదు. గుండెను కాసేపు నిలబెట్టగల సూదిమందు దవాఖాన బీరువాలో ఉంది. దవాఖాన జీపుకు అవతల, జీపు గేటుకు అవతల, సిగ్నల్ అందే బండ సగం దారిలో ఉన్నాయి.

“పోనియ్యి మామా,” అంది వనజ హన్మంతుతో. “మనమే మోసుకపోదాం. నాయిన ఒప్పుకోకున్నా సరే.”

“నన్ను మోసేటోడు పుట్టలేదింక,” అన్నాడు పోచయ్య. “పులికి ఎదురువోయి మంట ఆర్పినోన్ని. నడిచి నా గుడిసెకు నేను వోత, సూడుండ్రి.”

అతను రెండు అరచేతులూ నేలకు ఆన్చి లేవబోయాడు. భుజాలు లేచాయి. నడుము లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించి, ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు కూర్చుండిపోయాడు. ముఖంలో నొప్పి లేదు. పిల్లవాడికి తెలియని లెక్క ఎదురైనప్పటి తికమక మాత్రం ఉంది.

“నిన్నటి సంది గిట్లనే ఉన్నది,” అన్నాడు మెల్లగా. “కాళ్లు నా మాట ఇంటలేవు. మట్టి మోసిన కదా, గందుకనుకున్న.”

వనజ పిడికిట్లోని ఆకు జారి కింద పడింది. “అమ్మ గూడ గట్లనే అన్నది మేడం,” అంది. “ఆ దినం పొద్దుగాల. కాళ్లల్ల సీసం పోసినట్టున్నదని. నేను గడి కోసం ఎతికిన. కాళ్ల బరువుకు గడి లేకుండె.”

తను వచ్చినప్పుడు లేచి దండం పెట్టబోయి లేవలేకపోయిన మనిషిని ప్రేమలత గుర్తుచేసుకుంది. దుఃఖమని తను అనుకున్నది, పొటాషియం హద్దు దాటినప్పుడు కండరాలను పట్టుకునే నీరసం. సంచిలోని సూదుల కోసం ఆమె చేయి పోలేదు. ఇప్పుడు వాటి అవసరం లేదు. పోచయ్య ఎడమ మణికట్టు పట్టుకుని, బూడిద అంటిన ఆ చర్మం మీద వేళ్లు ఆన్చి, కళ్లు మూసుకుంది. సూదిమందు కోసం హన్మంతును జీపు దగ్గరికి పరుగెత్తమని చెప్పడం ఆమెకు గుర్తుంది. అతను పరుగెత్తిన చప్పుడు వాగు దాటి దూరమవడం గుర్తుంది.

“ఏమంటున్నది డాక్టరమ్మా?” అని అడిగాడు పోచయ్య. “పోన్ల సూడరాదు. పచ్చగనే ఉన్నదా?”

ఎవరూ చూడలేదు. ఫోన్ విస్తరి పక్కన మట్టిలో పడి ఉంది. దాని మీద పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంది.

ఆమె వేళ్ల కింద నాడి ఒకసారి కొట్టింది. చాలాసేపటికి మరొకసారి కొట్టింది. ఆ తరువాతి దానికోసం ప్రేమలత ఊపిరి బిగబట్టి ఆగింది. మద్దిచెట్టు కొమ్మ మీదికి కాకి తిరిగి వచ్చి వాలింది. ఆమె ఇంకా ఆగే ఉంది.